ముక్కుపొడి రంగు సిరా

మా అమ్మకి చెవులు వినిపించడం మానేసి ఆరేళ్ళవుతోంది. ఫోన్ చేస్తే "ఆఁ, బాగానే ఉన్నా, నువ్వు వేళకి తింటున్నావా" అని తను చెప్పదలుచుకున్నది చెప్పేసి, నా మాట కోసం ఆగకుండా ఫోను మా తమ్ముడి చేతికిచ్చేస్తుంది. చెవిలో మెషీన్ పెట్టుకోమంటే తీర్థం గోలలో నిలబడ్డట్టు ఉందంటుంది. చూపు మాత్రం ఫరవాలేదు, శుక్లాల ఆపరేషను బాగా కుదిరింది. అందుకని నేను ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. రాజమండ్రి నుంచి కోనసీమలో మా ఊరికి బస్సులో రెండు గంటలు. ఆ రెండు గంటల దూరానికి నెలకి మూడు ఇన్‌లాండు కవర్లు రాస్తానంటే పోస్టాఫీసు కౌంటరు దగ్గర నన్ను కాస్త వింతగా చూస్తారు.

ఉత్తరాలకి పెన్ను ఉంది. నాన్నది. కావలసింది ఇంకు. ఇంకు అనగానే నాకు గుర్తొచ్చింది ఒక్క రంగే, నాన్న డైరీల్లో అక్షరాల రంగు. ఆ రంగు ఇంకు కొనుక్కుందామని షాపుకి వెళ్ళాను.

"బ్రౌన్ ఇంకు ఉందా అండీ?"

"ఏ బ్రౌనండీ?"

ఏం చెప్పాలో తెలియలేదు. బ్రౌన్ అంటే బ్రౌనే కదా అనుకుంటూ వెళ్ళాను. పుస్తకాల్లో గోధుమ రంగు అని రాస్తాం గానీ, మా వైపు గోధుమలు ఎవరు పండించారు? చపాతీ అనేది షుగరొచ్చినవాళ్ళు రాత్రిపూట తినే మందు మా చిన్నప్పుడు. ఆ రంగుకి మా ఇళ్ళల్లో ఒక్క పేరంటూ లేదు. చీరల కొట్లో అమ్మా మామ్మా వాడే మాటలు వేరు: ముక్కుపొడి రంగు, కాఫీపొడి రంగు, ఇటుకరాయి రంగు, చింతపండు రంగు, తాటిబెల్లం రంగు. మామ్మకి ముక్కుపొడి రంగు చీరలే నాలుగుండేవి. నాలుగూ నాలుగు రంగులని ఆవిడా, నాలుగూ ఒకటేనని తాతయ్యా ఎప్పుడూ వాదించుకునేవారు.

"వరద నీళ్ళ రంగులా ఉండాలండీ" అన్నాను చివరికి.

షాపాయన నవ్వలేదు. "ఏ నెల వరదండీ? మొదట్లో వచ్చే ఎర్రనీళ్ళా, శ్రావణమాసం నీళ్ళా?" అన్నాడు. గోదారి ఒడ్డున కొట్టు పెట్టుకున్నవాడు అలాగే అడుగుతాడు మరి.

నాన్న కాలువల సెక్షన్ ఆఫీసులో గుమాస్తా. ఆఫీసులో రోజంతా రాసి వచ్చి, రాత్రి భోజనమయ్యాక మళ్ళీ డైరీ రాసేవాడు. అందులో మనసులో మాటలేవీ ఉండవు. ఆ రోజు వాన పడిందా, కాలువకి నీళ్ళు వదిలారా కట్టేశారా, ఇంటికి ఎవరొచ్చారు, ఎవరికి ఎంత అప్పిచ్చాడు, ఎవరు తిరిగివ్వలేదు, అంతే. జూలై వస్తే పైన ఎడమవైపు మూలలో ఒక అంకె చేరేది. అది ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీటిమట్టం. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఈ మూడు అంకెలూ నాకు ఎక్కాల కంటే ముందొచ్చాయి. పదమూడు దాటిందంటే అమ్మ అటక మీదకి ఏమేమి ఎక్కించాలో లెక్క వేసుకునేది.

ఆ పెన్ను రత్నం పెన్ను. 1964లో పెళ్ళికి మా తాతగారు, అంటే అమ్మ వాళ్ళ నాన్న, అల్లుడికి వాచీతో పాటు పెట్టింది. పేరు చెక్కించి మరీ ఇచ్చారు. అల్లుడికి పెట్టాల్సిన పెన్ను అదేనని ఆయన నమ్మకం. కోసూరి వెంకటరత్నం గారు రాజమండ్రిలో 1932లో మొదలుపెట్టిన ఆ పెన్నుల గురించి, తనకి పంపిన పెన్నుకి గాంధీగారు 1935లో ఉత్తరం రాయడం గురించి, మా ఇంట్లో పెళ్ళి కబుర్లలో భాగంగా ఎన్నిసార్లు విన్నానో. నాన్నకి మాత్రం గాంధీగారి కంటే, ఆ పెన్ను మళ్ళీ విప్పి బాగుచేసుకోవచ్చు అన్నది ముఖ్యం.

ఆదివారం మాకు తలంటు. పెన్నుక్కూడా. గోరువెచ్చటి నీళ్ళ గ్లాసు, పాత పంచె ముక్క, ఇంకు ఫిల్లరు, అరుగు మీద పాత పేపరు పరిచి నాన్న కూర్చుంటే ఎవరం కదపకూడదు. పాళీ, దాని కింద నల్లటి నాలుక విడదీసి నీళ్ళల్లో వేసేవాడు. నీళ్ళల్లోకి నీలంగా పొగ దిగుతుంటే నేనూ తమ్ముడూ గెడ్డం కింద చేతులు పెట్టుకుని చూసేవాళ్ళం. ఆరబెట్టాక పీపాలాంటి ఆ ఒంటి నిండా ఫిల్లరుతో ఇంకు పోసి, మర మీద కాస్త మైనం రాసి బిగించేవాడు. రబ్బరు గొట్టం లేదు, కార్ట్రిడ్జి లేదు, పెన్ను పెన్నంతా సిరాబుడ్డే. వేసవిలో ఇంకు సగానికి దిగాక జేబులో ఒంటి వేడికి లోపల గాలి వ్యాకోచించి కక్కేది. నాన్న చొక్కాలన్నిటికీ ఎడమ జేబు కింద ఒక నీలి మచ్చ. చొక్కా కొత్తదా పాతదా అని ఆ మచ్చని బట్టి చెప్పచ్చు.

బళ్ళో మా సంగతి వేరు. ఇంకు బిళ్ళలు నీళ్ళల్లో కలుపుకోవడం, పరీక్ష మధ్యలో అయిపోతే పక్కవాళ్ళ దగ్గర బల్ల మీద చుక్కలు లెక్కపెట్టి అప్పు తీసుకోవడం, మగపిల్లలు పాళీ తలకి తుడుచుకోవడం. ఈ కబుర్లు అందరూ చెప్పేవే, వదిలేస్తున్నాను.

రంగుల గురించి నాన్నకో సిద్ధాంతం ఉండేది. "ఎరుపు మేష్టారిది. పచ్చ గెజిటెడ్డుది. నీలం, నలుపు మనవి" అనేవాడు. ఒకసారి నేను "మరి బ్రౌనో?" అన్నాను. కాసేపు ఆలోచించి "అది ఎవరిదీ కాదమ్మడూ" అన్నాడు. ఎవరిదీ కాని రంగంటే నాకు అప్పుడే మోజు పడింది. పైగా ఇంట్లో ట్రంకుపెట్టెలో మా ముత్తాతగారి నాటి పొలం దస్తావేజు ఒకటుండేది. అందులో అక్షరాలన్నీ ఎండిన తేగ తొక్క రంగు. పెద్దవాళ్ళు, గొప్పవాళ్ళు బ్రౌన్ ఇంకుతో రాసేవారన్నమాట అని తేల్చుకున్నాను.

కొట్లో దొరకదు కాబట్టి తయారుచేశాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. చిక్కటి టీ డికాషను, అందులో మామ్మ దగ్గు కోసం దాచుకున్న కరక్కాయ పొడి, చిక్కదనానికి తుమ్మజిగురు. రంగు అద్భుతంగా వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం నాన్న నిద్రపోతుంటే ఆయన పెన్నులో పోశాను. నాలుగు వాక్యాలు రాసింది. ఐదో వాక్యంలో ఆగిపోయింది. విదిలించాను, గోడ మీద చుక్కలు పడ్డాయి గానీ కాగితం మీద ఏమీ పడలేదు. మూత పెట్టి నాన్న చొక్కా జేబులో పెట్టేశాను.

ఆ ఆదివారమే మా పెదనాన్నగారి ఊరికి ప్రయాణం కావడంతో పెన్నుకి తలంటు తప్పిపోయింది. సోమవారం ఆఫీసులో, పై అధికారి ఎదురుగా, నాన్న సంతకం పెట్టబోతే పెన్ను పలకలేదు. పక్కవాళ్ళ పెన్ను అడిగి పెట్టాడట. సాయంత్రం వచ్చి ఏమీ అనలేదు. పెన్ను విప్పి గ్లాసులో వేశాడు. నీళ్ళు నీలంగా కాకుండా టీ రంగుకి తిరిగాయి. గ్లాసు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. జిగురంతా నానడానికి మూడు రోజులు పట్టింది. నాలుకలో సన్నటి కాలువలుంటాయి, వాటిలోంచి గడ్డకట్టిన జిగురుని పలచటి బ్లేడు ముక్కతో గీకుతూ, "పెన్నుకి టీలు కాఫీలు పట్టకే తల్లీ. కరక్కాయ సిరా పుల్లకలానికి. ముంచి రాసి కడిగేసేవారు, జిగురున్నా ఏమయ్యేది కాదు. దీని గొంతు సన్నం" అన్నాడు. కరక్కాయ నానేసిన నీళ్ళల్లో అన్నభేది వేస్తే నల్లటి సిరా వస్తుందని ఆయన చెప్పింది ఆ రోజే. అన్నభేది అంటే ఇనుముతో చేసిన ఆకుపచ్చటి ఉప్పు. నేను అన్నభేది వెయ్యలేదు కాబట్టి నలుపు రాలేదు. ఆ మాట నేను మరో నలభై ఏళ్ళు పట్టించుకోలేదు.

1986 ఆగస్టు. ఆ వరద గురించి కోనసీమలో ఎవరినడిగినా గంట చెప్తారు, నేను నాలుగు ముక్కలే చెప్తాను. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు అని రేడియోలో విన్నప్పుడు నాన్న మొహం మొదటిసారి భయంగా కనిపించింది. ఆగస్టు 16న ధవళేశ్వరం మీదుగా సుమారు 35 లక్షల క్యూసెక్కులు వదిలారు. చాలాచోట్ల ఏటిగట్లు తెగాయి. మాది గోదారి పాయ గౌతమి గట్టుకి కూతవేటు దూరం. అటక మీదకి బియ్యం, బట్టలు, ఎల్లైసీ కాగితాలు ఎక్కాయి. నాన్న డైరీల పెట్టె, నా డిగ్రీ నోట్సులు మంచం మీద ఉండిపోయాయి. మంచం ఎత్తుకి నీళ్ళు రావని ఎందుకో అందరం అనుకున్నాం.

నీళ్ళు తీశాక ఇంటికొస్తే గోడలన్నిటికీ ఒకే ఎత్తులో గీత. కింద అంతా ఒండ్రు, చేతితో తీసి రాస్తే మెత్తగా వెన్నలా ఉంది. పొలానికి అది బంగారమంటారు, పుస్తకాలకి కాదు. కాగితాలన్నీ విడదీసి, దండేల మీదా మంచం పట్టెల మీదా అప్పడాల్లా ఆరేశాం. నేను రాసుకునేది రాయల్ బ్లూ. ఎంత నోరూరించే నీలమో. రెండేళ్ళ నోట్సులు తెల్లగా, అక్కడక్కడా నీలం మబ్బులతో తేలాయి. రాయల్ బ్లూ నీళ్ళకి పోయేలా చేసిన ఇంకు, బట్టల మీద పడితే ఉతికెయ్యచ్చని దాని గొప్ప. నాన్న డైరీలు మాత్రం, అట్టలు ఊడిపోయినా, అక్షరం చెక్కుచెదరలేదు. బురద మరకల కింద 1971లో ఎవరికో ఇచ్చిన పాతిక రూపాయల అప్పు స్పష్టంగా కనిపిస్తోంది.

"చూశావా, వాడింకా ఇవ్వలేదు" అన్నాడు నాన్న. ఇల్లంతా బురదలో ఉండగా మేం నవ్వింది అప్పుడే.

ఆయన 2003లో పోయారు. పెన్ను నాకొచ్చింది, డైరీలు తమ్ముడి ఇంట్లో ఉన్నాయి. బ్యాంకు ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను బాల్ పెన్నే వాడాను. పెన్నుని బీరువాలో పట్టుబట్టల మధ్య పెట్టాను. అప్పుడప్పుడు ఊరు వెళ్ళినప్పుడు డైరీ తెరిస్తే ఆ రంగు. అన్నీ బ్రౌనే. మా నాన్న ఎవరిదీ కాదన్న రంగుతో రాసుకున్నాడన్నమాట, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా. ఎంత పొంగిపోయానో.

అలా మొదలైంది ఇంకుల వేట. రిటైరైనవాళ్ళకి ఏదో ఒక పిచ్చి ఉండాలి, కొందరు మోకాళ్ళ నొప్పుల గురించి చదువుతారు, నేను ఇంకుల గురించి చదివాను. మొదట తెలిసిన విషయం, బ్రౌన్ ఇంద్రధనుస్సులో లేదు. ముదురు నారింజనే మన కన్ను అలా చూస్తుంది. ఆ ఇంకు కూడా మామూలుగా ఒక్క రంగుతో తయారవదు, రెండు మూడు రంగులు కలుపుతారు. టిష్యూ కాగితం మీద చుక్క వేసి అంచున నీళ్ళు తగిలిస్తే దాని గుట్టు బయటపడుతుంది. ఒకదాంట్లోంచి పసుపు, గులాబీ, చివర కాస్త ఆకుపచ్చ విడిగా పాకాయి. పెళ్ళివారి బస్సు దిగి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళినట్టు. ఆ కలిపే పాళ్ళల్లోనే ఉంది అంతా. గులాబీ ఎక్కువైతే ఇటుక, పసుపు ఎక్కువైతే తేనె, నీలం నలుపూ ఎక్కువైతే కాఫీ.

మొదట కొన్నది ఫ్రాన్సు వాళ్ళ హెర్బాన్ సీసా. దాని పేరు లీ ద తే, టీ అడుగున మిగిలే పిప్పి అని అర్థం. పన్నెండేళ్ళప్పుడు నేను చేసింది అదే కదా అని ఆ పేరు చూసే కొన్నాను. రంగు తాపేశ్వరం కాజా మీది పాకంలా ఉంటుంది. మన అక్షరాలకి భలే నప్పింది. తెలుగంతా గుండ్రాలు కదా, చెయ్యి జారుతూ వెళ్ళినంతసేపూ లేతగా వచ్చి, తలకట్టు చివర్న, సుడి మూసిన చోట, ఇంకు ఒక్క క్షణం నిలిచి ముదురుతుంది. ఇంగ్లీషు రాస్తే అంత అందంగా కనబడలేదు నాకు. ఇది పక్షపాతమే, కానివ్వండి. నాలుగు పేజీల ఉత్తరం రాసి అమ్మకి పంపాను.

అమ్మ దగ్గర్నుంచి జవాబు పోస్టుకార్డు మీద వచ్చింది. "ఉత్తరం మీద టీ ఒలికించావా? ఒక్క ముక్క కనబడలేదు. మీ తమ్ముడి చేత పెద్దక్షరాలతో తిరగరాయించుకుని చదివాను. అందులో వాడి సంగతి కూడా ఉంది."

ఉంది. పేజీన్నర ఉంది. వాడు అక్షరం పొల్లుపోకుండా తిరగరాశాడట. రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

తరవాత రాగి రంగులో ఒకటి. పేరు చెప్పను. ఎరుపు పాలు ఎక్కువ, కొత్త కుండలా కళకళలాడుతూ ఉంది. కానీ పాళీ మీద రాత్రికి రాత్రి ఉప్పు పేరుకున్నట్టు పొక్కులు కట్టేది, తెల్లారి తుడిస్తే గానీ రాసేది కాదు. అది నేను సర్దుకుందును. అమ్మ కార్డు వచ్చింది: "ఎర్ర సిరాతో ఉత్తరం రాస్తారుటే ఎవరైనా? కవరు విప్పగానే ఎవరికేమైందో అని గుండె జారిపోయింది." ఎరుపు కాదమ్మా, ఇటుకరాయి రంగు అని రాశాను. "నా కంటికి ఎరుపే" అని మళ్ళీ కార్డు.

మూడోది వాటర్‌మన్. ఇప్పుడు దాని పేరు ఆబ్సొల్యూట్ బ్రౌన్, పాత పేరు హవానా. హవానా అంటే చుట్టలకి పేరుపడ్డ ఊరు. నాకా పేరు వినగానే తాతయ్య గుర్తొచ్చాడు. లంక పొగాకు చుట్టలు తప్ప ఇంకేవీ ముట్టేవాడు కాదాయన. గోదారి లంకల్లో ఒండ్రు మీద పెరిగిన ఆకు, చుట్ట చుట్టి ఎండబెట్టాక ఏ రంగులో ఉంటుందో దాదాపు ఆ రంగే ఈ ఇంకు, కొంచెం ఎరుపు జీర. పేరు ఎందుకు మార్చారో గానీ పాతదే బాగుంది. పెన్నులోంచి నూనెలా జారుతుంది. ఇదే ఖాయం అనుకున్నాను. ఆషాఢంలో రాసిన ఉత్తరం పోస్టు చేశాను. అది వానలో తడిసి, కవరు మీద అడ్రసు సగం కరిగి, ఊరి పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రం మిగిలి, అయినా చేరింది. మా ఊళ్ళో ఆ అక్షరంతో ఇంకో ఇల్లు లేకపోబట్టి. లోపల మాత్రం అమ్మ చదవగలిగింది సగమే.

ఆ సగం చదివి రాసిన జవాబులోనే అసలు సంగతి ఉంది. నేను ఆ ఉత్తరంలో గొప్పగా రాశాను, నాన్న వాడిన బ్రౌన్ ఇంకు కోసం ఎంత వెతుకుతున్నానో. అమ్మ కార్డు నిండా చిన్నక్షరాలతో ఏకిపెట్టింది. "మీ నాన్న బ్రౌను వాడడమేమిటే, నీకేమైనా మతిపోయిందా? ఆయన జన్మలో బ్లూ బ్లాక్ తప్ప వాడలేదు. చొక్కాల మరకలు ఉతికింది నేను, నువ్వు కాదు."

నిజమే. ఆ మరకలు నీలం. ఆదివారం గ్లాసులో దిగిన పొగ నీలం. ఇవన్నీ పైన నేనే రాశాను కూడా. కళ్ళతో చూసినదాన్ని పక్కన పెట్టి, డైరీ చూసి ఊహించుకున్నదాన్ని ఇన్నేళ్ళు నమ్మాను.

వెంటనే బస్సెక్కి ఊరెళ్ళాను. తమ్ముడు ఎడమొహం పెడమొహంగానే పెట్టె దింపాడు. డైరీలన్నీ వరసగా నేల మీద పేర్చాం, 1965 నుంచి 2002 దాకా. చివరివి ఇప్పటికీ నలుపు కలిసిన నీలం. ఎనభైల్లోవి నల్లగా, నీలం విరిగిపోయి. డెబ్భైల్లోవి నలుపులో ముక్కుపొడి. అరవైల్లోవి పూర్తిగా తేగ తొక్క. నేను అప్పుడప్పుడూ వెళ్ళినప్పుడు తెరిచి చూసినవి పాతవే, పైన ఉండేవి అవే కాబట్టి.

అప్పటి బ్లూ బ్లాక్ ఇంకుల్లో చాలావాటిలో ఉండేది అదే, కరక్కాయ, అన్నభేది వ్యవహారం. మాచికాయో కరక్కాయో, వగరున్న ఏదో ఒకదాంట్లోని టానిన్, దానికి ఇనుము. మన దేశపు ప్రమాణాల్లో ఇలాంటి పెన్ను ఇంకుకి ఐఎస్ 220 అని ఒక నంబరే ఉంది, ఇనుము 0.1 శాతం. రాసేటప్పుడు ఆ మిశ్రమానికి పెద్దగా రంగు ఉండదు గనక కంటికి కనబడడానికి నీలం రంగు కలుపుతారు. రాశాక గాలి తగిలి ఇనుము నల్లబడి కాగితం నారలో కూర్చుంటుంది. వరద వచ్చినా కదలదు. ఏళ్ళు గడిచేకొద్దీ నీలం వెలిసిపోతుంది, నలుపు తుప్పు రంగుకి దిగుతుంది. ముత్తాతగారి దస్తావేజు కూడా రాసిన రోజున నల్లగానే ఉండుంటుంది. పంచె మీద పడ్డ అరటి కర మొదట నీళ్ళలా ఉండి, తెల్లారేసరికి బ్రౌన్‌గా తిరిగి, ఇక చాకిరేవులో బండకేసి బాదినా పోదు చూడండి, అదీ ఇంచుమించు ఈ కుటుంబమే, ఇనుము లేదంతే.

ఇంకో తమాషా తమ్ముడు చూపించాడు. పెన్ను నా సంచీలోనే ఉంది. మూత తీసి, "దీని రంగేంటి?" అన్నాడు. బ్రౌనే, కాస్త పచ్చ జీరతో. అలాంటిదే కొనిచ్చారనుకున్నాను ఇన్నాళ్ళూ. మూత కింద దాగే భాగం చూస్తే నిగనిగలాడే నలుపు. పెన్ను ఎబొనైటు, రబ్బరులో బోలెడు గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచిన సరుకు. వెలుతురుకి, చెమటకి ఏళ్ళ తరబడి అలా వెలుస్తుంది. నాన్న చెయ్యి తగలనిచోట మాత్రం ఇంకా 1964.

కావాలంటే ఇప్పటికీ ఇనుమున్న బ్లూ బ్లాక్ దొరుకుతుంది, పెలికన్ 4001లో ఉంది. స్టీలు పాళీలకి అంత మంచిది కాదంటారు, ఆమ్లం ఉంటుంది, పదిహేను రోజులకోసారైనా కడగాలి. కడగడం నాకు చేతనవును. కానీ అది నాన్న రంగుకి తిరగాలంటే నలభై ఏళ్ళు ఆగాలి. అమ్మకి ఎనభై నాలుగు, నాకు ఓపిక లేదు. తమ్ముడు మాత్రం "ఆ సీసా నాకు కొనిపెట్టు, అప్పులు రాసుకుంటాను" అన్నాడు. మాటలు కలిశాయి కాబట్టి కొనిపెట్టాను.

నేను బ్రౌన్ వదల్లేదు. నాన్నది కాకపోతే నాదే అయింది, ఎవరిదీ కాదన్నాడుగా. ఇప్పుడు పెన్నులో ఉన్నది జపాను వాళ్ళ పైలట్ ఇరోషిజుకులో యామాగురి. కొండ చెస్ట్‌నట్ కాయ అని అర్థమట. చెస్ట్‌నట్ నేను చూడలేదు, మా లెక్కలో అది ఉడికించిన పనసగింజ పై పొర, బాగా ముదురుది. కొంచెం దూరం నుంచి చూస్తే నలుపే. హవానా అంత అందగాడు కాదు. ఇన్‌లాండు కాగితం మీద పాకదు, వారం రోజులు మూత తియ్యకపోయినా పెన్ను మొదటి గీతకే పలుకుతుంది. ధర మాత్రం అమ్మకి చెప్పలేదు. చెప్తే ఆ డబ్బుతో ఏ చీర వస్తుందో చెప్తుంది.

మొన్న కార్డు వచ్చింది. "ఇది ఏ రంగో గానీ కనబడుతోంది. ఇదే ఉంచు. ఈసారి వచ్చేటప్పుడు వెచ్చాల చీటీ నువ్వే రాసిపెట్టు, మీ తమ్ముడి రాత కోడిగీతలు."

అడ్రసు మాత్రం బాల్ పెన్నుతో రాస్తున్నాను. వానలు ఇంకా తగ్గలేదు.